రిపోర్టులు నార్మల్, వాంతులు మాత్రం ఆగవు

తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతాయి. ముందు నోట్లో నీళ్లూరతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి, ఆ తర్వాత గంటకు నాలుగైదు వాంతులు. కడుపులో ఏమీ మిగలక చివరికి పసరు పడుతుంది. మూడో రోజు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. నాలుగో రోజు ఇడ్లీ తిని ఆఫీసుకు వెళ్లేవారు. సికింద్రాబాద్‌లో మా బావ నాలుగేళ్లు ఇలాగే నెట్టుకొచ్చారు. వెళ్లిన ప్రతిసారీ క్యాజువాలిటీ, సెలైన్, రక్తపరీక్షలు, "అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాట. ఇంట్లో పెద్దవాళ్లు పైత్యమన్నారు, దిష్టి తీశారు.

పరీక్షల్లో ఏమీ కనపడకపోతే జబ్బే లేదనుకోవడం మనకు ఎలా అలవాటైంది?

1882లో లండన్ సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ గీ తొమ్మిది మంది పిల్లల గురించి రాశారు. రోజుల తరబడి వాంతులు, తర్వాత పూర్తి ఆరోగ్యం, మళ్లీ అచ్చం అవే వాంతులు. ఇప్పుడు సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్ అంటున్న ఈ విడత వాంతులకు ఆ వర్ణన ఈనాటికీ సరిపోతుంది. అయితే ఆయన చూసింది పిల్లలను. అందుకే వందేళ్లకు పైగా దాన్ని పిల్లల జబ్బుగానే చూశారు. నలభై ఏళ్ల మనిషి అవే లక్షణాలతో వస్తే ఫుడ్ పాయిజనింగ్ అనో, గ్యాస్ అనో సరిపెట్టేవారు.

1957లో బాసిల్ హిర్షోవిట్జ్ వంగే ఫైబర్ గొట్టంతో జీర్ణాశయం లోపలికి చూశాక వైద్యం తీరే మారింది. ఈ విద్యలో హైదరాబాద్‌కు మంచి పేరుంది. ఎండోస్కోపీలో పేరొందిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఎండోస్కోపీ వల్ల పుండ్లు, గడ్డలు తొందరగా దొరికి ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ అది చూపించేది లోపలి పొరను. కడుపుకూ మెదడుకూ మధ్య నరాల్లో నడిచే సంకేతాలు గాడి తప్పితే అందులో కనపడదు. కనపడనిదంతా మనసు మీదికి నెట్టేశారు. నా దృష్టిలో రోగులకు జరిగిన పెద్ద అన్యాయం ఇదే.

ఆ ధోరణిని మార్చింది 1980ల చివర్లో రోమ్‌లో పని మొదలుపెట్టిన నిపుణుల బృందం. పరీక్షల్లో కనపడని కడుపు జబ్బులను లక్షణాలను బట్టి గుర్తించడానికి వాళ్లు రాసిన నియమాలే రోమ్ ప్రమాణాలు. 2006 నాటి రోమ్-3 ప్రమాణాలు పెద్దవాళ్ల వికారం, వాంతులకు విడిగా చోటిచ్చాయి. 2016లో రోమ్-4 వాటిని మూడుగా సర్దింది. మొదటిది దీర్ఘకాలిక రకం: వారానికి కనీసం ఒక రోజైనా ఇబ్బంది పెట్టే వికారం, లేదా ఒక వాంతి. ఇది మూడు నెలలుగా ఉండాలి, మొదలై ఆరు నెలలు దాటాలి. రెండోది విడతలుగా వచ్చేది, అంటే సైక్లిక్ వామిటింగ్: ఏడాదిలో కనీసం మూడుసార్లు, గత ఆరు నెలల్లో రెండుసార్లు, ఒక్కో విడత వారం లోపు. మూడోది గంజాయి వల్ల వచ్చేది. దీన్ని 2004లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ కొండ ప్రాంత వైద్యులు బయటపెట్టారు. వాళ్ల రోగులు వేడినీళ్ల స్నానంతోనే ఉపశమనం పొందేవారు. గంజాయి ముట్టనివాళ్లలోనూ ఈ వేడినీళ్ల అలవాటు కనిపిస్తుంది కాబట్టి దాన్నిబట్టే నింద వేయకూడదు.

ఈ పేర్లు పెట్టేముందు షుగర్, గర్భం, కిడ్నీ, థైరాయిడ్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ లాంటి మందులు, పేగులో అడ్డంకి ఇవన్నీ చూడాల్సిందే. వాంతిలో రక్తం, బరువు తగ్గడం, మింగలేకపోవడం, విపరీతమైన తలనొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదు.

బావ విషయంలో దారి చూపింది వంటింటి గోడ మీది క్యాలెండర్. పాలవాడు రాని రోజులకు అక్క ఇంటూ పెడుతుంది, వాంతులైన రోజుల చుట్టూ సున్నా చుడుతుంది. ఒక డాక్టర్ స్కాన్లు పక్కన పెట్టి ఆ కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. దాదాపు రెండున్నర నెలలకోసారి మూడేసి సున్నాలు. "మీ ఇంట్లో ఎవరికైనా పార్శ్వనొప్పి ఉందా?" అని అడిగారు. బావ వాళ్లమ్మగారికి ముప్పై ఏళ్లుగా ఉంది. అంతకుముందు ఆ సంగతి ఎవరూ అడగలేదు. పార్శ్వనొప్పి అంటే మైగ్రేనే. దానికీ బావకు వస్తున్న ఈ విడత వాంతులకూ చుట్టరికం ఉంది. మైగ్రేన్ రాకుండా కూడా వాడే అమిట్రిప్టిలిన్ అనే మందును రాత్రిపూట తక్కువ మోతాదులో మొదలుపెట్టారు.

ఆ డాక్టర్ ఒక కాగితం కూడా రాసిచ్చారు: జబ్బు పేరు, ఎక్కించాల్సిన గ్లూకోజ్, ఇవ్వాల్సిన ఇంజెక్షన్. అక్క దాన్ని లామినేషన్ చేయించి హెల్త్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకుంది. పోయిన నెల అర్ధరాత్రి మళ్లీ వాంతులు మొదలైతే క్యాజువాలిటీలో ముందు అదే చూపించింది. "బయట ఏం తిన్నారు?" అని ఎవరూ అడగలేదు.