గిన్నెలో లేనిది ఆ కుక్కకి ఇంకెక్కడా దొరకదు

విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళలో పెంపుడు కుక్కకి పెట్టే తిండి చాలావరకు రెండు రకాలే. శాకాహారుల ఇళ్ళలో పెరుగన్నం, మిగతా ఇళ్ళలో చికెన్ అన్నం. ఆదివారం పొద్దున్న చికెన్ షాపు దగ్గర కాసేపు నిలబడితే "కుక్కకి కూడా ఓ అరకేజీ వెయ్యి" అనే మాట వినిపిస్తుంది. షాపతను మెడలు, కాళ్ళు, తోలు, కందనకాయలు వేరే కవర్లో వేసి ఇస్తాడు. ఇంటికొచ్చాక వాటిలో రెండు గుప్పెళ్ళ బియ్యం, చిటికెడు పసుపు వేసి కుక్కర్ పెట్టేస్తారు. ప్యాకెట్ తిండి ధర చూసి కొందరు, ఆ గుళికల్లో ఏం కలుపుతారోనన్న అనుమానంతో కొందరు ఇంటి వంటకే మొగ్గు చూపుతున్నారు.

ఇంట్లో వండి పెట్టడం మంచి పనే. కుక్క మీద ప్రేమ లేనివాళ్ళు అంత ఓపిక పడరు. అయితే ఆ గిన్నెలో ఏముందో, ఏం లేదో ఎవరూ లెక్క వేసి చూడరు. ఒకసారి చూద్దాం.

ముందు అన్నం సంగతి. కుక్క తోడేలు జాతిది కాబట్టి దానికి అన్నం పడదని ఈమధ్య వీడియోల్లో గట్టిగా చెబుతున్నారు. అది నిజం కాదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కుక్కల జన్యువుల్ని, తోడేళ్ళ జన్యువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పొయ్యి పక్కన, పొలం గట్టున వేల ఏళ్ళు బతికిన జంతువు మన గింజల్ని అరిగించుకోవడం నేర్చుకుంది. తర్వాత జరిగిన పరిశోధనల్లో, పూర్వం నుంచీ వ్యవసాయం ఉన్న ప్రాంతాల కుక్కల్లో ఈ ప్రతులు ఎక్కువగానూ, మంచు ప్రాంతాల హస్కీల్లాంటి వాటిలో తక్కువగానూ కనిపించాయి. కాబట్టి మెత్తగా ఉడికిన అన్నం మన కుక్కలకి నిక్షేపంగా అరుగుతుంది. చిక్కు వేరేచోట ఉంది.

"మా తాతల కాలంలో కుక్కలకి గంజీ చద్దన్నమే కదా పెట్టేవాళ్ళం, అవి బాగానే బతికాయి కదా" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటలో సగం నిజముంది. ఆ కుక్కలకి గొలుసు లేదు, గేటు లేదు. ఇంట్లో గంజి తాగి ఊరంతా తిరిగేవి. ఎలకని పట్టేవి, కోడి తలకాయలు ఏరుకునేవి, సంత రోజున మాంసం కొట్టు చుట్టూ తిరిగేవి. సముద్రం ఒడ్డు ఊళ్ళలోనైతే వల దులిపినప్పుడు రాలిన చిన్న చేపలు ఎముకలతో సహా వాటివే. అంటే అన్నంలో లేని మాంసకృత్తులు, కాల్షియం, జింకు అవి బయట సంపాదించుకునేవి. సంపాదించుకోలేనివి చిన్న వయసులోనే పోయేవి, వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండే ల్యాబ్రడార్‌కి అలాంటి దారేదీ లేదు. మనం గిన్నెలో వెయ్యనిది దాని ఒంట్లోకి ఎప్పటికీ చేరదు.

ఇక లెక్క. 20 కిలోల బరువున్న, ఎదిగిన కుక్కకి రోజుకి సుమారు 1000 కిలోకేలరీల శక్తి కావాలి. అమెరికాలో పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో అనే సంస్థ లెక్కలో, అంత తిండిలో కనీసం 45 గ్రాముల ప్రొటీన్, 1250 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి. 600 గ్రాముల అన్నంలో 300 గ్రాముల పెరుగు కలిపామనుకుందాం. శక్తి దాదాపు సరిపోతుంది, కుక్క కడుపు నిండుతుంది. ప్రొటీన్ మాత్రం 26 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, కాల్షియం 450 మిల్లీగ్రాములు దాటదు. ఒకటి సగానికి కాస్త ఎక్కువ, రెండోది మూడో వంతు.

చికెన్ అన్నమైతే ఈ బాధ ఉండదనుకుంటాం. 300 గ్రాముల ఉడికించిన ఎముకలేని చికెన్, 400 గ్రాముల అన్నం తీసుకుందాం. ప్రొటీన్ 100 గ్రాములు దాటుతుంది, కావలసినదానికి రెండింతల పైనే. కాల్షియం చూస్తే 85 మిల్లీగ్రాములు! పెరుగన్నం కన్నా అధ్వాన్నం. పైగా మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, ఈ గిన్నెలో దాదాపు 850 మిల్లీగ్రాములు. కుక్క తిండిలో కాల్షియం భాస్వరంతో కనీసం సమానంగా ఉండాలి, రెండింతల వరకూ ఉండొచ్చు. ఇక్కడ పదో వంతే ఉంది. ఖరీదైన గిన్నె, ప్రేమగా వండిన గిన్నె, కుక్క నాకి నాకి తినే గిన్నె కూడా ఇదే. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కుక్కకి పైకి ఏమీ కనిపించదు. రక్తంలో కాల్షియం ఒక మట్టంలో ఉండకపోతే గుండె, కండరాలు, నరాలు పనిచెయ్యవు. తిండిలో రానప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి, ఎముకల్లో ఉన్నదాన్ని కరిగించి రక్తంలోకి తెస్తాయి. కరువు రోజుల్లో గాదెలోంచి గింజలు తీసి తిన్నట్టే. అందుకే నెలల తరబడి రక్త పరీక్షలో కాల్షియం మామూలుగానే ఉంటుంది, లోపల గాదె ఖాళీ అవుతూ ఉంటుంది. పిల్ల కుక్కల్లో ఇది తొందరగా బయటపడుతుంది. కాళ్ళు వంకర తిరగడం, ఎత్తుకుంటే కుయ్యిమని ఏడవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం. పెద్ద కుక్కల్లో దవడ ఎముక పలచబడి పళ్ళు కదులుతాయి. ఎక్స్‌రే తీస్తే ఎముకకీ చుట్టూ ఉన్న కండకీ తేడా సరిగా తెలియనంత పలచగా కనిపిస్తుంది.

"ఎముకలు ఉడికించిన రసం పోస్తున్నాంగా" అంటారు కొందరు. ఎముకలోని కాల్షియం నీళ్ళలోకి దిగేది చాలా తక్కువ. రసం రుచికి మంచిదే, కాల్షియం లెక్కలోకి రాదు. ఉడికిన ఎముకలే పెట్టేస్తే అవి పెళుసుగా విరిగి సూదిమొనల్లా గొంతుకో పేగుకో గుచ్చుకుంటాయి. అది ఇంకా ప్రమాదం.

మన చోడి అంబలి (చోళ్ళంటే రాగులు) సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది దాన్నే మందుగా చెబుతారు. చోళ్ళలో కాల్షియం నిజంగానే ఎక్కువ, 100 గ్రాముల పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఏ ధాన్యంలోనూ ఇంత లేదు. కానీ 1250 మిల్లీగ్రాములు రావాలంటే 350 గ్రాముల పిండి కాచి పొయ్యాలి. అప్పటికే కుక్కకి రోజంతటికీ కావలసిన కేలరీలు దాటిపోతాయి, మాంసానికి చోటుండదు. పైగా చోళ్ళలో ఉండే ఫైటేట్లు ఆ కాల్షియంలో కొంతని, జింకుని పట్టి ఉంచేస్తాయి. రాత్రంతా పులియబెట్టిన అంబలిలో ఈ పట్టు సడలుతుంది. అందుకే అన్నంలో కొంత భాగం బదులు పులిసిన చోడి అంబలి పెట్టడం మంచిది. దాని మీదే ఆధారపడితే మాత్రం చాలదు.

తేలికైన దారి మన చెత్తబుట్టలోకే పోతోంది. కోడిగుడ్డు పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, ఎండలో బాగా ఎండనివ్వాలి. తర్వాత పెనం మీద కాస్త వేడిచేసి మిక్సీలో వెయ్యాలి. మొదటి తిప్పుకి రవ్వలా వస్తుంది. అది చాలదు, టీ జల్లెడలో పట్టి మిగిలిన గరుకుని మళ్ళీ తిప్పాలి. వేళ్ళ మధ్య రుద్దితే టాల్కం పౌడర్‌లా జారాలి. ఎంత మెత్తగా ఉంటే పేగులో అంత బాగా కలుస్తుంది. ఈ పొడి ఒక టీ చెంచాడు సుమారు 5 గ్రాములు, అందులో కాల్షియం దాదాపు 2 గ్రాములు. మన 20 కిలోల కుక్క చికెన్ అన్నంలో అర చెంచాకి కాస్త ఎక్కువ కలిపితే కాల్షియం, భాస్వరం నిష్పత్తి దారికొస్తుంది. రూపాయి ఖర్చు లేదు. తేమ తగలని సీసాలో పోసి ఉంచుకోవచ్చు.

పెంకు పొడితో కథ అయిపోదు. అదే చికెన్ అన్నంలో జింకు అవసరంలో నాలుగో వంతే ఉంటుంది. జింకు చాలకపోతే కళ్ళ చుట్టూ, మూతి దగ్గర, అరికాళ్ళ మీద చర్మం పెచ్చులు కడుతుంది, దాన్ని గజ్జి అనుకుని నెలల తరబడి పూత మందులు రాస్తారు. వారంలో రెండు రోజులు చికెన్ బదులు మేక మాంసమో, గుడ్లో పెడితే కొంత మెరుగు, అప్పటికీ పూర్తిగా అందదు. అయోడిన్‌కి చిటికెడు అయోడైజ్డ్ ఉప్పు. చర్మానికి, బొచ్చుకి కావలసిన లినోలిక్ ఆమ్లం కోసం ఒక చెంచా నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు అయితే ఇంకా మేలు. ఇక విటమిన్ డి: మనకి ఎండ చాలు, కుక్కకి చాలదు. దాని చర్మం ఎండలో సరిపడా విటమిన్ డి చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. గుడ్డు పచ్చసొన, చేపలు అందుకు మంచివి. కళింగపట్నం, భావనపాడు వైపు దొరికే తాజా నెత్తళ్ళు, కవళ్ళు ఇక్కడి కుక్కలకి వరం. ఉప్పు వెయ్యకుండా మెత్తగా ఉడికిస్తే చిన్న చేపల ముల్లు వేళ్ళతో నలిగిపోతుంది, కాల్షియం కూడా వస్తుంది. పచ్చి చేప మాత్రం వద్దు. కొన్ని జాతుల పచ్చి చేపల్లో విటమిన్ బి1ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, వేడికి అది పోతుంది. ఎండు నెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ, అవీ వద్దు.

విటమిన్ డి అన్నారు కదా అని మందుల షాపులో మనుషులకిచ్చే 60,000 యూనిట్ల సాచెట్ తెచ్చి కలపకండి. చిన్న కుక్కకి అది ప్రాణం మీదికి తెస్తుంది. కాలేయం కూడా అంతే, రోజూ గిన్నెడు పెడితే విటమిన్ ఎ మోతాదు మించిపోతుంది. మొత్తం తిండిలో ఇరవయ్యో వంతు చాలు.

ఇంత జాగ్రత్తగా వండినా లోపాలు మిగిలిపోతాయని చెప్పడానికి ఒక అధ్యయనం ఉంది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లోని పశువైద్యులు పుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి 200 కుక్క వంటకాలు తీసుకుని లెక్కగట్టారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువగా ఉంది. వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. అందుకే రోజూ ఇంటి వంటే పెట్టేవాళ్ళు జింకు, కాపర్, విటమిన్ ఇ లాంటివి ఉన్న మిశ్రమం ఏదైనా కలపాలా, ఎంత కలపాలి అన్నది పశువైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి. మన గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

గిన్నెలో పడకూడనివాటిలో మొదటిది ఉల్లిపాయ. "ముక్కలు ఏరేసి పెట్టాం" అంటే కుదరదు, అందులోని గంధకపు పదార్థాలు రసంలోకి దిగిపోతాయి, ఉడికించినా పోవు. అవి ఎర్ర రక్తకణాల్ని చిట్లిస్తాయి. కుక్క బరువులో 200వ వంతు ఉల్లి ఒకేసారి పడితే చాలు, అంటే 10 కిలోల కుక్కకి 50 గ్రాములు, సగం ఉల్లిపాయ. తిన్న రోజు హుషారుగానే ఉంటుంది, కొన్ని రోజుల తర్వాత చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. వెల్లుల్లీ ఇదే కుటుంబం.

రెండోది మనవాళ్ళెవరూ అనుమానించనిది, చింతపండు. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతింటాయని ఎప్పట్నుంచో తెలుసు, ఎందుకో తెలియదు. 2021లో అమెరికాలో జంతువుల విషప్రభావాలు చూసే నిపుణులు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని చెప్పారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే తరహా కిడ్నీ దెబ్బ చూశామని రాశారు. మన పులుసుకి ఆ పులుపు ఇచ్చేది ఎక్కువగా ఈ ఆమ్లమే. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్షలోని క్రియాటినిన్ అనే మాట చిన్నపిల్లలకీ తెలుసు. ఆ జబ్బు వేరు, కారణాలు వేరు, కానీ కిడ్నీ పాడైతే ఆ బాధేమిటో ఈ జిల్లాకి ఒకరు చెప్పనక్కర్లేదు. చేపల పులుసు కలిపిన అన్నం, చారన్నం కుక్కకి పెట్టొద్దు.

పలాస జీడిపప్పు విషమేమీ కాదు, కొవ్వు ఎక్కువ కాబట్టి ఒకటీ అరా చాలు. పచ్చి జీడిపిక్కలు మాత్రం అందకుండా చూడాలి, తొక్కలోని నూనె నోరు పొక్కిస్తుంది. మామిడి టెంకె, మొక్కజొన్న కండె పేగుకి అడ్డం పడతాయి.

పైన చెప్పిన లెక్కలన్నీ ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న కుక్కలవి. పిల్ల కుక్కలకి అవే 1000 కిలోకేలరీలకి కాల్షియం 3 గ్రాములు కావాలి, దాంతోపాటు భాస్వరమూ పెరగాలి. అలాగని పెంకు పొడి గుమ్మరిస్తే ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలు ఎక్కువైన కాల్షియంని ఆపుకోలేవు, ఎముకలు వంకరగా పెరుగుతాయి. ఏడాది దాటి ఎదుగుదల పూర్తయ్యేదాకా వాటికి పిల్లల కోసం తయారైన తిండి ఎక్కువ పాళ్ళలో పెట్టి, ఇంటి వంట కొద్దిగా కలపడమే నయం. ల్యాబ్ పెంచేవాళ్ళకి ఇంకో మాట. ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఆకలి తీరిందని చెప్పే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనుక్కున్నారు. గిన్నె ఖాళీ చేసి మీ ముఖంలోకి చూసినంత మాత్రాన అది ఆకలితో ఉన్నట్టు కాదు. నెలకోసారి కుక్కని ఎత్తుకుని వెయింగ్ మెషిన్ ఎక్కండి, మీ బరువు తీసేసి రాసుకోండి. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. తగలకపోతే అన్నంలో పదో వంతు తగ్గించండి, మాంసం, గుడ్డు మాత్రం తగ్గించకండి.