ఇంట్లో కోపం: కౌన్సెలింగ్ గదిలో తరచూ వినే అపోహలు

కుటుంబ కౌన్సెలర్‌గా నాకు ఎక్కువగా వచ్చే కోరిక "కోపమే రాకుండా చేయండి" అని. అది ఎవరి వల్లా కాదు. కోపం వచ్చిన తర్వాతి కొద్ది నిమిషాల్లో ఏం చేస్తామన్నది మాత్రం మార్చుకోవచ్చు.

అపోహ: లోపల ఉన్నదంతా కక్కేస్తే మనసు చల్లబడుతుంది.

అన్నిటికంటే మొండిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన విద్యార్థుల్లో కొందరి చేత, తమను రెచ్చగొట్టిన మనిషినే తలచుకుంటూ గుద్దుల సంచిని కొట్టించారు. కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. సంచిని కొట్టినవారిలోనే కోపం ఎక్కువగా మిగిలింది. 2024లో ఆయన, సోఫీ కేర్విక్ కలిసి 154 అధ్యయనాలను పరిశీలిస్తే, ధ్యానం, నిదానంగా ఊపిరి తీయడం వంటివి కోపాన్ని తగ్గించాయని తేలింది. పరుగెత్తితే తగ్గకపోగా పెరిగింది! పరుగు ఆరోగ్యానికి మంచిదే, మానమని అనను. కోపం దిగడానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

అపోహ: గొడవను అప్పటికప్పుడే తేల్చుకోవాలి.

గుండె నిమిషానికి వందసార్లకు మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివారి మాట చెవిన పడుతుంది గానీ తలకెక్కదు. దంపతుల తగాదాలను దశాబ్దాల పాటు గమనించిన జాన్ గాట్‌మన్ అలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు ఆగమంటారు. చాలామంది పొరబడేది ఇక్కడే. మాట మధ్యలో తలుపు ధడాలున వేసి వెళ్లిపోయి, "మీరు చెప్పినట్టే విరామం తీసుకున్నాను" అంటారు. లోపల ఉండిపోయిన మనిషికి అది శిక్షలాగే ఉంటుంది. "నాకు కోపం పెరుగుతోంది, అరగంటలో వచ్చి మాట్లాడతాను" అని చెప్పాలి. చెప్పిన వేళకు రావాలి. ఆ అరగంటా ఎదురు సమాధానాలు కూర్చుకుంటూ గడిపితే, వెళ్లినప్పటి కంటే వేడిగా తిరిగొస్తారు. ఈ ఒప్పందం ఇద్దరూ నెమ్మదిగా ఉన్న రోజునే చేసుకోవాలి. గొడవ మధ్యలో కొత్త నియమం పెడితే దాని మీద ఇంకో గొడవ.

అపోహ: 21 రోజులు ఓపిక పడితే అలవాటైపోతుంది.

అలవాట్ల మీద పరిశోధన చేసిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, చిన్న చిన్న అలవాట్లు కుదురుకోవడానికే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 అని లెక్క వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా అంతా చెడిపోలేదు. ఇవి తినడం, తాగడం, వ్యాయామం వంటి అలవాట్లు. కోపం అంతకంటే కష్టం. నెలన్నర బాగా గడిచి ఒక్క రాత్రి అరిచారంటే, ఇంట్లోవాళ్లు "నువ్వు మారవు" అనేస్తారు. ఆ అరుపు కంటే ఈ మాటే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నేను అడిగేది వేరు: తిరిగి మాట కలపడానికి ఎంతసేపు పట్టింది? ఇంతకుముందు రెండు రోజుల మౌనం, ఇప్పుడు అదే రాత్రి "తప్పు నాదే" అన్నారంటే మార్పు మొదలైనట్టే.

అపోహ: "మా నాన్న కోపమే నాకూ వచ్చింది, ఏం చేయను?"

పై అధికారి ముందు ఈ వారసత్వం ఎక్కడికి పోతుంది? అత్త మీద కోపం దుత్త మీద చూపేవారికి ఎవరి ముందు ఆగాలో బాగానే తెలుసు.

అపోహ: కొట్టడం కూడా కోపం సమస్యే.

ఇంట్లో ఒకరు మరొకరిని చూసి భయపడుతుంటే, చెయ్యి లేస్తుంటే, పైన చెప్పిన విరామాలు, ఒప్పందాలు వర్తించవు. అలాంటి దంపతులను నేను ఒకే గదిలో కూర్చోబెట్టను. ముందు భయపడుతున్న మనిషితో విడిగా మాట్లాడి, క్షేమంగా ఉండే చోటు గురించి అడుగుతాను.