మచ్చ వేరు, పుండు వేరు

నెల్లూరులో మా వీధి చివర ఒక బత్తాయి జ్యూసు బండి ఉంది. బండి మీద వరసగా పేర్చిన కాయలు నున్నగా మెరుస్తుంటాయి. బండి కింద గోతాంలో ఉండే కాయల సంగతి వేరు. వాటి తొక్క మీద గోధుమరంగు మరకలు, కొన్నిటికి సగం కాయ దాకా తుప్పు పట్టినట్టు ఉంటుంది. జ్యూసు తీసేది ఎక్కువగా ఆ గోతాంలోంచే. మొదటిసారి గమనించినప్పుడు నాకు ఒళ్లు మండింది. "చూపించేది ఒకటి, పిండేది ఇంకొకటా?" అని అడిగేశాను. బండి అబ్బాయి ఏమీ నొచ్చుకోలేదు. ఒక మచ్చల కాయను అడ్డంగా కోసి సగం నా చేతిలో పెట్టాడు. "తిని చూడన్నా. మంగు కాయ. తీపికి ఇదే."

తియ్యగానే ఉంది. పక్కన పెట్టి నున్నటి కాయ కూడా ఒకటి కోయించాను. అది కాస్త చప్పగా తగిలింది. ఒక్కో కాయ తిని తీర్పు చెప్పడం సైన్సు కాదని తెలుసు. అయినా రెండో కాయకు డబ్బులివ్వాల్సి వచ్చింది.

ముఖం మీద వచ్చే నల్లటి మచ్చల్ని మంగు అంటాం. బత్తాయి మీద మచ్చలకూ మనవాళ్లు అదే పేరు పెట్టారు. దానికి కారణం మంగు నల్లి అనే అతి చిన్న పురుగు. ఊరికే చూస్తే కంటికి ఆనదు, భూతద్దం కావాలి. కాయ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ఇది తొక్క పై పొరలోని కణాలను గుచ్చి రసం పీల్చేస్తుంది. చచ్చిన ఆ కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి. నల్లి నోటి సూది ఎంత పొట్టిదంటే, ఆ పై పొర దాటి లోపలికి దిగలేదు. కాబట్టి తొనల దాకా అది చేరే ప్రసక్తే లేదు. ఆ రోజు నా చేతిలోని చెక్కను కత్తి మొనతో గీకి చూశాను. మంగు కాగితం మందాన కూడా లేదు. దాని కింద అదే తెల్లటి తొక్క, అదే వాసన.

మరి తీపి మాట? అది ఉత్త వ్యాపారపు మాట కాదు. మంగు బాగా పట్టిన కాయ తొక్కలోంచి నీరు త్వరగా ఆవిరవుతుంది, కాయ కూడా కాస్త చిన్నదిగా ఉంటుంది. నీరు తగ్గితే రసంలో చక్కెర చిక్కబడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా తోటల్లోనూ తుప్పురంగు నారింజ తియ్యనిదనే పేరు ఎప్పటినుంచో ఉంది. అయితే అదే కారణంగా మంగు కాయ ఎక్కువ రోజులు నిలవ ఉండదు, తొందరగా వడలిపోతుంది. దూరపు మార్కెట్‌కు లోడు పంపే వ్యాపారి దాన్ని వద్దనడంలో న్యాయం ఉంది. సాయంత్రానికి గోతాం ఖాళీ చేసే జ్యూసు బండికి ఆ బాధ లేదు.

కాయ మీద కనిపించేవన్నీ మన కంటికి ఒకే రకం లోపాలు. నిజానికి అందులో రెండు జాతులున్నాయి: మచ్చ, పుండు. మచ్చ అంటే మానిపోయిన గాయం. కొమ్మ రాసుకున్నా, పురుగు గీకినా, కాయ ఇంకా చెట్టున ఉండగానే ఆ చోటి కణాలు విడిపోతూ కొత్త పొర కడతాయి. ఆ పొర గోడల్లో సూబెరిన్ అనే మైనం లాంటి పదార్థం చేరుతుంది. చెట్టు బెరడులో, సీసా బిరడాలో ఉండేది ఇదే. నీటిని బయటికి పోనివ్వదు, బూజును లోపలికి రానివ్వదు. ఎండి, గరుకుగా, గోరు పెడితే బిరుసుగా తగిలే చోటు కాయ తనను తాను కుట్టుకున్న చోటన్నమాట. పుండు అలా కాదు. కోతలోనో, గోతాంలోనో, లారీ ఎక్కించేటప్పుడో తగిలిన దెబ్బ అది. అక్కడ తడి ఉంటుంది, తియ్యటి రసం ఉంటుంది. బూజుకు అంతకన్నా ఏం కావాలి? పైగా మామిడి, సపోటా, టమాటా లాంటివి దెబ్బ తగలగానే ఎథిలీన్ వాయువును ఎక్కువగా వదులుతాయి. కాయల్ని మాగబెట్టే వాయువు అదే. పెట్టెలో ఒక కాయ చితికితే చుట్టూ ఉన్నవి కూడా గబగబా మాగిపోయి మెత్తబడతాయి.

పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లలో కాయను ఏరడం చూస్తే ఈ తేడా వేళ్లకే తెలుసనిపిస్తుంది. నిమ్మకు గజ్జి తెగులు వస్తుంది. జాంథోమోనాస్ అనే బాక్టీరియా చేసే పని. వానజల్లులతో, గాలితో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతుంది. ఆకు మీద, కొమ్మ మీద, కాయ మీద బొడిపెల్లాంటి గరుకు మచ్చలు లేస్తాయి. రైతుకు ఇది నిజమైన నష్టమే. ఆకులు, పిందెలు రాలిపోతాయి, కాయకు ధర పడిపోతుంది. గజ్జిని కొంత తట్టుకుంటుందని బాలాజీ అనే రకాన్ని తెచ్చింది కూడా అందుకే. కానీ కోసిన కాయ మీద గజ్జి తొక్కకే పరిమితం, రసం పులుపు మారదు. 2022 వేసవిలో నిమ్మ ధర ఆకాశానికి ఎక్కినప్పుడు గజ్జి కాయ కూడా ఎవరూ వద్దనకుండా అమ్ముడుపోయింది. అంటే అప్పటిదాకా అది పనికిరానిదని కాదు, మనకు అక్కర లేదంతే. ఇంట్లో మాత్రం నాదొక నియమం ఉంది: గజ్జి కాయ పులిహోరకు, మజ్జిగకు; ఊరగాయకు మాత్రం నున్నటిదే. ఊరగాయలో తొక్క కూడా తింటాం కదా, ఆ బొడిపెలు పంటి కింద ఇసుకలా తగులుతాయి.

మామిడి దగ్గరికి వస్తే కథ ఇంకొంచెం చిత్రం. మామిడికి పేరున్న ఉలవపాడు 2022లో జిల్లాల విభజనప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. మామిడి ఎవరిదనే పంచాయితీ మాత్రం ఒంగోలు వాళ్లకూ మాకూ ఇంకా తేలలేదు. ఏప్రిల్, మే నెలల్లో హైవే పక్కన బంగినపల్లి కాయల కుప్పలు పోసి అమ్ముతుంటారు. వాటిలో కొన్నిటి మీద తొడిమ నుంచి కిందికి కన్నీటి చారలా నల్లటి గీత కనిపిస్తుంది. అది తెగులు కాదు, సొన కాలిన మచ్చ. మామిడి తొక్కలో సొన నాళాలుంటాయి, అందులో సొన ఒత్తిడి మీద ఉంటుంది. ముచ్చిక పుటుక్కున విరిగిందో, సొన చిమ్ముతుంది. అందులోని టెర్పీన్ జాతి నూనెలు తొక్క కణాలను కాల్చేస్తాయి. కాయతో పాటు కాస్త తొడిమ ఉంచి కోస్తే సొన చిమ్మదు. చిక్కం కట్టిన గడతో నిదానంగా కోసే మనిషికీ, కొమ్మ పట్టి దులిపే మనిషికీ తేడా ఆ నల్ల గీతలో కనిపిస్తుంది. గీత ఉన్న కాయ కూడా తినడానికి శుభ్రంగా పనికొస్తుంది. కాకపోతే ధర పడిపోతుంది.

దీనికి సరిగ్గా తిరగబడ్డ కాయ ఇంకొకటి ఉంది. వేసవి గాలివానకు రాలిన కాయ. పైకి చక్కగా ఉంటుంది, ఎక్కడా గీత ఉండదు. కానీ అంత ఎత్తు నుంచి పడ్డప్పుడు లోపలి కండ చితుకుతుంది. మాగబెడితే నాలుగు రోజులకు అక్కడ గోధుమరంగు గుజ్జు తేలుతుంది. మన పెద్దవాళ్లు రాలిన కాయను మాగబెట్టకుండా ఆ పూటే పప్పులో వేయడం, ముక్కలు కోసి ఒరుగులు పెట్టడం పిసినారితనం కాదు.

అందమైన కాయ మోసం చేసే సందర్భాలు ఇంకా ఉన్నాయి. సొరకాయ లేతగా, పాలరాయిలా నున్నగా ఉండి కూడా చేదుగా ఉండొచ్చు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషపదార్థానిది. చేదు సొరకాయ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా మన దేశంలో ఉన్నారు. చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదైతే పారేయమని వైద్య పరిశోధకులు చెప్పేది అందుకే. అన్నివైపులా ఒకే పసుపు తిరిగిన మామిడి కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టినది కావచ్చు. చట్టం దాన్ని నిషేధించింది, అయినా ప్రతి వేసవిలో అధికారులు పట్టుకుంటూనే ఉంటారు. ఇంకో పక్క, రంగు చూసి నిజంగానే పక్కన పెట్టాల్సినవీ ఉన్నాయి. ఉర్లగడ్డ వెలుతురు తగిలి పచ్చబారితే అక్కడ సోలనిన్ పెరుగుతుంది. వంకర ఉర్లగడ్డను తినొచ్చు, పచ్చ ఉర్లగడ్డను వద్దు.

వంకర మాట వచ్చింది కాబట్టి, కీర దోసకాయ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా ఎందుకు తిరుగుతుందో చెప్పాలి. చాలాసార్లు తేనెటీగలు సరిగా రాకపోవడమే కారణం. పుప్పొడి అందిన వైపు గింజలు కట్టుకుంటాయి. పెరిగే గింజ ఆక్సిన్ అనే హార్మోను పంపుతుంది, దానితో చుట్టూ ఉన్న కండ ఉబ్బుతుంది. పుప్పొడి అందని వైపు అలాగే ఉండిపోతుంది. స్ట్రాబెర్రీ మీద ఉండే చిన్న గింజల్ని ఒక వరుస మాత్రం ఉంచి మిగతావి గిల్లేసి, 1950లో నిట్ష్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చాడు. గింజ ఉన్నచోటే పండు పెరిగింది. అంటే వంకర కాయ ఆ తోటలో ఆ వారం తేనెటీగలు ఎన్ని తిరిగాయో చెప్పే చీటీ లాంటిది. రుచి గురించి అది చెప్పేది దాదాపు ఏమీ లేదు. తిన్నటి కాయ మీద మోజు సూపర్ మార్కెట్‌తో వచ్చిందని మాత్రం అనుకోవద్దు. మన పందిళ్లలో పొట్లకాయ కొనకు రాయి కట్టి వేలాడదీసేది ఎప్పటినుంచో.

యూరప్‌వాళ్లు ఆ మోజును ఏకంగా చట్టం చేసుకున్నారు. 1988 నాటి నిబంధన ప్రకారం మేలు రకం కీర దోసకాయ 10 సెంటీమీటర్ల పొడవుకు 10 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. నవ్వులపాలయ్యాక, 2009 జులై 1 నుంచి 26 రకాల పండ్లూ కూరగాయల మీద అలాంటి కొలతలు ఎత్తేశారు. 2014లో ఫ్రాన్స్‌లో ఇంటర్‌మార్షే అనే దుకాణాల సంస్థ వికారపు కాయల్ని 30 శాతం తక్కువకు విడిగా అమ్మి బాగా పేరు తెచ్చుకుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ఇంకో సంగతి బయటపెట్టారు. వంకర కాయను ఊరికే తక్కువ ధరకు పెడితే, రుచి కూడా తక్కువేమో అని జనం అనుమానిస్తారు. 'ఇది వికారంగా ఉంది' అని బోర్డు మీద రాస్తే, లోపం రూపంలోనే ఉందని అర్థమై కొంటారు. ధర మరీ ఎక్కువ తగ్గిస్తే మళ్లీ అనుమానం వస్తుందట.

ఇదంతా చదివి మన దగ్గర కూడా వికారపు కాయల దుకాణం పెట్టాలని ఉత్సాహపడే ముందు ఒక మాట. మన దగ్గర అది ఉంది. దాని పేరు కుప్ప. నెల్లూరు కూరగాయల మార్కెట్ బయట సాయంత్రం ఏడు దాటాక గోనెపట్టా పరిచి 'కుప్ప ఇరవై, కుప్ప ఇరవై' అని అరిచే ఆమె చేసేది సరిగ్గా అదే పని. మిగిలినవి హోటళ్లకు, ఆ మిగిలినవి పశువులకు. మనకు నష్టం ఎక్కువగా వేరే చోట జరుగుతుంది: ఎండలో, గోతాంలో, లారీలో. లూధియానాలోని కేంద్ర సంస్థ సీఫెట్ 2015లో లెక్క వేస్తే కోత నుంచి అమ్మకం దాకా జామ 15.88 శాతం, టమాటా 12.44, సపోటా 9.73, నిమ్మజాతి 9.69, మామిడి 9.16 శాతం పోతున్నట్టు తేలింది. ఇందులో రూపం బాగాలేక పోయింది ఎంతో విడదీయడం కష్టం. ధర పడిపోయి కోత కూలి కూడా రాని రోజు తోటలో కాయ ఎంత అందంగా ఉన్నా చెట్టునే కుళ్లుతుంది. 1999లో మొదలైన రైతుబజార్ లాంటివి దళారిని తప్పించాయి కానీ ఆ రోజును తప్పించలేకపోయాయి.

అయినా రూపం పట్టింపు చిన్నది కాదు. కిలో నారింజ పండడానికి ప్రపంచ సగటున దాదాపు 560 లీటర్ల నీళ్లు పడతాయని లెక్క. కనిగిరి, ఉదయగిరి వైపు బోర్లు ఎంత లోతుకు పోయాయో తెలిసినవాళ్లకు ఆ అంకె వేరేలా వినిపిస్తుంది. చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్లిన కాయ మీథేన్ వదులుతుంది. అది 20 ఏళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేస్తే, అందులో 60 శాతం ఇళ్లదే. మనం సూపర్ మార్కెట్‌లో కవరులో వేసుకునే ముందు ప్రతి కాయనూ నాలుగువైపులా తిప్పి చూసి మచ్చ ఉన్నదాన్ని తిరిగి పెట్టేస్తాం. అలా పదిమంది నొక్కి పెట్టేసిన కాయ, మచ్చతో వచ్చినది, సాయంత్రానికి నిజంగానే పుండు పడుతుంది.

జ్యూసు బండి అబ్బాయిని ఆ రోజే అడిగాను, మంగు కాయల్ని పైన ఎందుకు పెట్టవని. "పైన పెడితే బండి దగ్గరికి ఎవరొస్తారన్నా?" అన్నాడు. కెనడా బోర్డు సంగతి చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. పోయిన వారం అటు వెళ్తే, ముందు వరసలో నున్నటి కాయల మధ్య ఒక మంగు కాయ ఉంది. సగానికి కోసి, కోసిన వైపు రోడ్డుకు తిప్పి పెట్టాడు.