ఉంగరం సైజు: నంబర్ ఒక్కటే చెప్తే చాలదు (అపోహలు - వాస్తవాలు)

బంగారం పనిలో ఉన్నవాళ్ళకి పెళ్ళిళ్ళ సీజన్ మొదలవగానే ఇలాంటి ఫోన్లు వస్తాయి. "అన్నా, మా బావ డల్లాస్‌లో ఉంటాడు, వేలి సైజు పది అంట, ఉంగరం చేసి పెట్టు, నెలాఖరుకి వస్తున్నాడు." పది అంటే ఏ పది అని అడిగితే అవతలి మనిషికి ప్రశ్నే అర్థం కాదు. అమెరికా సైజు 10 అంటే ఉంగరం లోపలి చుట్టుకొలత దాదాపు 62 ఎంఎం. మన షాపుల్లో 10 అంటే 50 ఎంఎం అటూ ఇటూ. పన్నెండు ఎంఎం తేడా! మన పదికి చేసిన ఉంగరం ఆ బావగారి చిటికెన వేలికి కూడా ఎక్కదు. డబ్బు ఖర్చవుతుంది, మజూరీ పోతుంది, నిశ్చితార్థం రోజు ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇదంతా ముందు రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తప్పే విషయం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: సైజు నంబర్ ఏ దేశంలోనైనా ఒకటే

కాదు. ఒక్కో దేశానికి ఒక్కో లెక్క, మొదలయ్యే చోటు వేరు, ఒక నంబర్‌కీ ఇంకో నంబర్‌కీ మధ్య దూరం కూడా వేరు.

అమెరికా, కెనడాలో అంకెలు, వాటి మధ్య అరలు, పావులు ఉంటాయి. సున్నా సైజు వ్యాసం 11.63 ఎంఎం, అక్కడినుంచి సైజు ఒకటి పెరిగినప్పుడల్లా వ్యాసం 0.81 ఎంఎం పెరుగుతుంది. చుట్టుకొలతలో చూస్తే ఒక్కో సైజుకి రెండున్నర ఎంఎం పైమాటే. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో అంకెలు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు: సీ అంటే 40 ఎంఎం చుట్టుకొలత, తర్వాతి ప్రతి అక్షరానికీ 1.25 ఎంఎం కలుపుకుంటూ పోవాలి. జపాన్‌లో సైజు 1 అంటే 13 ఎంఎం వ్యాసం, ఆపైన ప్రతి సైజుకీ వ్యాసంలో ఎంఎంలో మూడో వంతు పెరుగుతుంది. జర్మనీలో అన్నిటికన్నా సులువు, 54 సైజు అంటే లోపలి చుట్టుకొలత 54 ఎంఎం. ఇటలీ, స్పెయిన్ వాళ్ళు ఆ చుట్టుకొలతలోంచి 40 తీసేసి మిగిలింది చెప్తారు, అంటే జర్మనీ 54 వాళ్ళకి 14.

మన దేశంలో పెద్ద నగల షాపుల చార్టులు చాలావరకు ఈ ఇటలీ లెక్కకి దగ్గరగా ఉంటాయి. నంబర్‌కి 40 కలిపితే చుట్టుకొలత ఇంచుమించు వచ్చేస్తుంది. ఇంచుమించు అని ఎందుకంటున్నానంటే, షాపుకీ షాపుకీ అర ఎంఎం తేడాలు ఉండనే ఉంటాయి.

ఒకే వేలిని తీసుకుందాం, చుట్టుకొలత 54.4 ఎంఎం. అమెరికాలో అది 7, జపాన్‌లో 14, మన దగ్గర కూడా 14 అనే అంటాం, జర్మనీలో 54, లండన్‌లో ఎన్ అక్షరం దాటి సగం. ఇప్పుడు ఆ వేలున్న అమ్మాయి హైదరాబాద్ షాపుకి ఫోన్ చేసి "సెవెన్" అని ఊరుకుంటే, తయారయ్యే ఉంగరం 47 ఎంఎం.

మన గాజుల సంగతి కూడా ఇలాంటిదే. 2.4 అంటే దశాంశం అనుకుంటారు కొత్తవాళ్ళు, అది రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాల వ్యాసం. అందుకే 2.8 కన్నా 2.10 పెద్దది. ఆన్‌లైన్లో గాజులు కొనే పిల్లలు ఇక్కడ బాగా తికమకపడతారు.

అపోహ: చార్టు చూసి మార్చుకుంటే కచ్చితంగా సరిపోతుంది

చార్టులో పక్కపక్క గడుల్లో ఉన్న సైజులు నిజంగా సమానం కావు, దగ్గరివి మాత్రమే. మన దగ్గర మెట్టు ఒక ఎంఎం, బ్రిటన్‌లో 1.25, అమెరికాలో రెండున్నర, ఇవి ఒకదానిమీద ఒకటి ఎక్కడ కచ్చితంగా పడతాయి? లండన్‌లో ఉండే అక్క "పీ" అని చెప్పిందనుకోండి. పీ అంటే 56.25 ఎంఎం. అమెరికా లెక్కలో ఇది ఏడుముప్పావు దగ్గర పడుతుంది, ఒక చార్టు ఏడుముప్పావు అంటుంది, పావులు లేని ఇంకో చార్టు ఎనిమిది అనేస్తుంది. ఆ ఎనిమిదిని పట్టుకుని మళ్ళీ మన సైజులోకి మారిస్తే 57 ఎంఎం, అంటే 17 వస్తుంది. నేరుగా మార్చి ఉంటే 16 వచ్చేది. రెండుసార్లు మార్చేసరికి ఒక సైజు ఎక్కడినుంచో వచ్చి చేరింది.

కాబట్టి నంబర్‌ని నంబర్‌లోకి మార్చకండి. ఏ దేశం నంబరైనా ముందు ఎంఎంలోకి తెండి, అక్కడినుంచి కావలసిన సైజులోకి వెళ్ళండి. ఐఎస్‌ఓ 8653 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా, 1986లో వచ్చి 2016లో సవరించింది, ఉంగరం సైజు అంటే లోపలి చుట్టుకొలత ఎంఎంలో అనే చెప్తుంది. ఎక్కువగా అడిగే అమెరికా సైజులకి చుట్టుకొలతలు ఇవి, రాసిపెట్టుకోండి: 5 అంటే 49.3, 6 అంటే 51.9, 7 అంటే 54.4, 8 అంటే 57, 9 అంటే 59.5, 10 అంటే 62.1. వీటిలోంచి 40 తీసేస్తే మన నంబర్ దగ్గరికి వచ్చేస్తారు. తిరగేసి కావాలంటే, చుట్టుకొలతలోంచి 36.5 తీసి 2.55తో భాగిస్తే అమెరికా సైజు.

అపోహ: దారం చుట్టి కొలిస్తే చాలు

దారం సాగుతుంది, వేలి మీద ఏటవాలుగా చుట్టుకుంటుంది, ముడి దగ్గర ఎక్కడ పట్టుకున్నామో తెలియదు. ఇందులో ఏ ఒక్కటి జరిగినా ఎంఎం, ఎంఎంన్నర తేడా వస్తుంది, అంటే మన లెక్కలో ఒక సైజు మారిపోయినట్టే. దారం బదులు సన్నగా కత్తిరించిన కాగితం పట్టీ కొంత నయం, ఎందుకంటే అది సాగదు. దాన్ని ఐదారు ఎంఎం వెడల్పున కోసి, వేలి మొదట్లో నిటారుగా చుట్టి, అంచులు కలిసే చోట పెన్నుతో గీత పెట్టి, స్కేలు మీద చూడండి. ఒక్కసారి చూసి వదిలెయ్యకుండా మూడు నాలుగు సార్లు తీయండి.

ఇంకో పద్ధతి, సరిపోయే పాత ఉంగరం లోపలి వ్యాసం కొలవడం. పద్ధతి మంచిదే, కానీ స్కూల్ స్కేలుతో చేయొద్దు. వ్యాసంలో ఒక ఎంఎం తప్పు చదివితే చుట్టుకొలతలో అది మూడు ఎంఎం పైన అవుతుంది. అంటే మన లెక్కలో మూడు సైజులు, అమెరికా లెక్కలో ఒకటింబావు. వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి, అదీ ఒక్కచోట కాదు, ఉంగరాన్ని తిప్పుతూ రెండు మూడు చోట్ల, ఎందుకంటే రోజూ వాడే ఉంగరం కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, పూర్తిగా గుండ్రంగా ఉండదు. ఏ చేతికి, ఏ వేలికి పెట్టుకునే ఉంగరమో కూడా అడగాలి. ఎక్కువగా పనిచేసే చెయ్యి వేళ్ళు కాస్త లావుగా ఉంటాయి చాలామందికి.

అపోహ: చార్టు ప్రింట్ తీసుకుంటే తప్పు జరగదు

ఇది విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ముఖ్యంగా. ఇక్కడి షాపు పంపిన పీడీఎఫ్ ఏ4 కాగితానికి తయారైంది, అమెరికాలో ఇంట్లో ఉండేది లెటర్ సైజు కాగితం, అది ఏ4 కన్నా పొట్టి. ప్రింటర్ తనంతట తానే బొమ్మని కాగితంలో పట్టేలా ఆరు శాతం దాకా కుదిస్తుంది. అప్పుడు ఆ కొలత పట్టీ మీద 54 ఎంఎం వేలు 57 పైన చూపిస్తుంది, ఏడు సైజు వేలికి ఎనిమిది అని వస్తుంది, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. ప్రింట్ ఇచ్చేటప్పుడు "ఫిట్ టు పేజ్" తీసేసి "యాక్చువల్ సైజ్" పెట్టండి. ప్రింట్ వచ్చాక చార్టు మీదున్న స్కేలు పక్కన ఏటీఎం కార్డు పెట్టి చూడండి. ఏ బ్యాంకు కార్డయినా పొడవు 85.6 ఎంఎం ఉంటుంది, చార్టు స్కేలు మీద అంతే రాకపోతే ఆ కాగితం పక్కన పడెయ్యండి. ఫోన్ తెర మీద ఉంగరం పెట్టి చూసే యాప్‌లకీ ఇదే పరీక్ష.

వీటన్నిటికంటే, అక్కడే దగ్గర్లో ఉన్న ఏదో ఒక నగల షాపుకి వెళ్ళి సైజు రింగుల గుత్తితో వేలు చూపించుకోవడం మేలు. వాళ్ళు చెప్పిన సైజు, అది ఏ దేశం లెక్కో, రెండూ మెసేజ్‌లో రాసి పంపితే సగం పని అయిపోయినట్టే.

అపోహ: వేలి సైజు ఎప్పుడూ ఒకటే

వేడికి వేళ్ళు ఉబ్బుతాయి, చలికి కుదించుకుంటాయి. ఉప్పు ఎక్కువ తిన్నా, చేతులతో బరువు పని చేసినా, గర్భంతో ఉన్నా మార్పు కనిపిస్తుంది. జనవరిలో చికాగోలో బయట తిరిగి వచ్చి వెంటనే కొలిచిన వేలికి చేసిన ఉంగరం, మే నెలలో విజయవాడ పెళ్ళి మండపంలో ఎక్కడానికి మొరాయిస్తుంది. చేతులు మామూలు వేడిలో ఉన్నప్పుడు, పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం దాటాక కొలవండి, వేరే రోజు ఇంకోసారి చూడండి. గర్భిణులకి అయితే ఆర్డర్ వాయిదా వెయ్యమనే నేను చెప్తాను, తొందర ఉంటే సైజు మార్చడానికి వీలయ్యే డిజైన్ ఎంచుకోమంటాను.

అపోహ: సైజు సరిగ్గా ఉంటే ఏ డిజైనైనా సరిపోతుంది

ఇది చాలామందికి తెలియదు, తెలిసిన షాపువాళ్ళు కూడా చెప్పరు. రెండు ఎంఎం వెడల్పున్న సన్నటి ఉంగరం, ఎనిమిది ఎంఎం వెడల్పున్న పట్టీ ఉంగరం, రెండూ లోపల 54 ఎంఎం చుట్టుకొలతే అయినా వేలికి ఒకేలా అనిపించవు. వెడల్పుగా ఉన్నది ఎక్కువ చర్మాన్ని నొక్కుతుంది కాబట్టి బిగుతుగా ఉంటుంది. ఆరు ఎంఎం దాటిన ఉంగరాలకి మామూలు సైజు మీద అమెరికా లెక్కలో అర సైజు, మన లెక్కలో ఒకటి పెంచడం నా పద్ధతి. లోపలి వైపు ఉబ్బెత్తుగా నున్నగా తీర్చిన ఉంగరమైతే అంత పెంచక్కర్లేదు. షాపులో మీ వేలికి తొడిగే సైజు రింగులు సన్నవైతే, మీరు కొనేది వెడల్పుదైతే, ఆ మాట మీరే అడగండి.

వేలి కణుపు పెద్దగా, మొదలు సన్నగా ఉండేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కణుపు దాటే సైజు ఇస్తే వేలి మొదట్లో ఉంగరం గిరగిరా తిరుగుతుంది, రాయి అరచేతి వైపుకి వెళ్ళిపోతుంది. వీళ్ళకి రెండు కొలతలూ తీసి మధ్యస్థంగా చేసి, లోపల కింది వైపు రెండు చిన్న బంగారు గుండ్లు టంకం వేస్తే తిరగకుండా నిలబడుతుంది. మామూలు వేలికైతే, తొడిగేటప్పుడు కణుపు దగ్గర కాస్త పట్టాలి, తీసేటప్పుడు కొంచెం తిప్పుతూ లాగితే రావాలి.

షాపులో ఉంగరాన్ని తొడిగి సైజు చూసే కడ్డీ మీద కూడా వెడల్పు ఉంగరాలతో ఇబ్బందే. ఆ కడ్డీ ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉంటుంది, వెడల్పు ఉంగరం కింది అంచు ఒక సైజు చూపిస్తే పై అంచు ఇంకోటి చూపిస్తుంది. ఉంగరం వెడల్పులో మధ్యభాగం ఎక్కడ ఆగిందో అక్కడ చదివి, తిరగేసి తొడిగి మళ్ళీ చదవాలి.

అపోహ: ఆడవాళ్ళకి పన్నెండు, మగవాళ్ళకి ఇరవై చేయిస్తే సరిపోతుంది

సరిపోదు. ఎత్తు, బరువు చూసి వేలు చెప్పలేం.

అపోహ: తేడా వస్తే తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు

సాదా బంగారు ఉంగరమైతే నిజమే. మూడు ఎంఎం వెడల్పు, ఎంఎంన్నర మందం ఉన్న 22 క్యారెట్ ఉంగరాన్ని మూడు ఎంఎం పెంచాలంటే కలిపేది సుమారు పావు గ్రాము బంగారం, పెద్ద ఖర్చు కాదు. కానీ చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరాన్ని కోస్తే రాళ్ళ వరస చెడిపోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరాల సైజు అసలు మారదు, మార్చుకోవాలంటే కొత్తది కొనాలి. నవరత్న ఉంగరాల్లో ముత్యం, పగడం ఉంటాయి, టంకం వేడి తగిలితే అవి పాడైపోతాయి, పచ్చకీ ఆ వేడి ప్రమాదమే. అలాంటివి సైజు మార్చాలంటే రాళ్ళు తీసి, మార్చి, మళ్ళీ పొదగాలి, ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

అమెరికాలో కొన్న పెళ్ళి ఉంగరాలు చాలావరకు 14 క్యారెట్, అందులో బంగారం 58.5 శాతం. దాన్ని ఇక్కడికి తెచ్చి 22 క్యారెట్ ముక్క కలిపి పెంచితే అతుకు దగ్గర రంగు తేడా స్పష్టంగా కనిపిస్తుంది, కాబట్టి ఉంగరం ఏ క్యారెట్టో అదే కలపమని ముందే అడగాలి. ఈమధ్య ఇక్కడ కొన్న ఉంగరమైతే లోపల హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబర్ ఉంటాయి, కోత ఆ గుర్తు మీద పడకుండా చూడమనండి. సైజు మార్చడానికి ఇచ్చేముందు ఉంగరాన్ని మీ ఎదురుగానే తూకం వేయించండి, తీసుకునేటప్పుడు ఇంకోసారి. ముందు బరువు, తర్వాత బరువు, కలిపిన బంగారం ఎంత క్యారెట్టో, కొత్త సైజు ఎన్ని ఎంఎంలో, ఈ నాలుగూ బిల్లు మీద రాయించుకోండి.