సముద్రపు ఊళ్లో సోఫా: అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా సోఫాలు కడుతున్నాను. కట్టినవాటికంటే విప్పినవే ఎక్కువ. పని కొత్తవి కట్టి నేర్చుకున్నా, తేమ సంగతి మాత్రం పాతవాటి అడుగు గుడ్డ చించి చూసి నేర్చుకున్నాను. పైన గుడ్డ నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల పిన్నులు తుప్పు పట్టి, గోనె గుడ్డ చివికిపోయి, కర్ర మీద తెల్లగా బూజు. మా ఊళ్లో సోఫా పైనుంచి పాడవడం తక్కువ. కింది నుంచి, గోడ వైపు నుంచి పాడవుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు మాత్రం ముందు నుంచి చూసి, ఒకసారి కూర్చుని లేచి, రంగు ఏది బాగుంటుందని అడుగుతారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: టేకు సోఫా అయితే ఇంక చూసుకోనక్కర్లేదు.

టేకు మంచి కర్రే, కాదనను. కానీ దాని గొప్పంతా చేవలో, అంటే మాను నడిమి ముదురు కర్రలో ఉంది. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు చెదలు తగులుతాయి, పుచ్చూ పడుతుంది. రంగేసి పాలిష్ కొట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని పాలిష్ పడని చోట, అంటే అడుగున, కాళ్లు బిగించిన దగ్గర చూడాలి. ఇంకో సంగతి. 'ఫుల్ టేక్' అని అమ్మే కుషన్ సోఫాల్లో కొన్నిటికి పైకి కనిపించే చేతులూ కాళ్లూ మాత్రమే టేకు. గుడ్డ కింద ఉండేది ప్యాకింగ్ పెట్టెలు విప్పిన పైన్ కర్ర. లోపలి ఫ్రేము ఏ కర్రో బిల్లు మీద రాసిమ్మనండి. రాయడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, కర్ర ఆరిందా లేదా అన్నది. గాలిలో తేమ 75 శాతం దగ్గర ఉండే చోట కర్ర తన ఎండు బరువులో సుమారు 14 శాతం నీరు పట్టుకుని అక్కడ ఆగుతుంది. 40 శాతం తేమ ఉన్న చోట ఏడెనిమిది శాతం దగ్గరే ఆగుతుంది. పచ్చి కర్రతో ఫ్రేము చేసేస్తే అది మీ హాల్లో కూర్చుని ఆరుతూ కుంచించుకుపోతుంది, కీళ్లు వదులవుతాయి. 'కొని ఏడాది కాలేదు, కూర్చుంటే కీచుమంటోంది' అని వచ్చే సోఫాల్లో చాలావాటి కథ ఇదే. రెండు సూదులుండే చిన్న తేమ మీటరు పెట్టి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. చేయించుకునేవాళ్లు మేస్త్రిని మీటరు పెట్టి చూపించమని అడగొచ్చు, తప్పేం లేదు. బాగా ఆరబెట్టి, మందు పట్టించిన మామూలు కర్ర, పచ్చి టేకు కంటే మేలు. ఈ మాట చెబితే నా దగ్గర టేకు లేదనుకుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

అపోహ: ప్లాస్టిక్ కవరు తీయకపోతే సోఫా కొత్తగా ఉంటుంది.

ఇది మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. ఫ్రిజ్ మీద కవరు, రిమోట్‌కి కవరు, సోఫాకీ కవరే. డెలివరీ అయిన రోజు ఏ కవరు ఉందో మూడేళ్ల తర్వాతా అదే చూశాను. సోఫా లోపలికి తేమ రాకుండా ఆపడం కుదరని పని. గాలి చొరబడే ప్రతి సందులోంచీ అది వస్తుంది. మన చేతిలో ఉన్నదల్లా వచ్చింది పోయేలా చూడడమే. ప్లాస్టిక్ ఆ దారిని మూసేస్తుంది. కూర్చున్నవాళ్ల చెమట, ఫోమ్‌లో చేరిన చెమ్మ, గుడ్డకూ కవరుకూ మధ్య ఇరుక్కుంటాయి. బూజుకు అంతకంటే సుఖమైన చోటు ఉండదు. దుమ్ము భయం ఉంటే పాత నూలు దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ మాత్రం సోఫా దిగిన రోజే తీసేయండి.

గోడకు ఆనించి పెట్టడం కూడా ఇలాంటిదే. మూడు నాలుగు అంగుళాలు వదలండి. వానాకాలంలో చెమ్మెక్కే గోడ అయితే ఇంకాస్త. కాళ్లు కూడా నాలుగంగుళాలకు తగ్గకుండా ఉండాలి, కిందికి చీపురు వెళ్లాలి, గాలి ఆడాలి. నేలకు కరుచుకుని కూర్చునే పెట్టె సోఫాలు ఫొటోలో బాగుంటాయి. మా దగ్గర వాటి అడుగు ప్లై అంచులే ముందు ఉబ్బుతాయి.

అపోహ: లెదరెట్ తడి గుడ్డతో తుడిస్తే చాలు, తేమ ఊరికి అదే బెస్ట్.

నాకు ఎక్కువ తిట్లు తెచ్చిపెట్టింది ఇదే. లెదరెట్ అంటే తోలులా కనిపించేలా పూత పూసిన గుడ్డ. మార్కెట్లో ఆ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. పీవీసీ పూత ఉన్నది మనం పాతకాలం నుంచీ రెక్సిన్ అనేది. అది నీటికి పెద్దగా చెడదు. ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి, పగుళ్లిస్తుంది. ఎండాకాలం తొడలకు అతుక్కుంటుంది. రెండోది పీయూ, అంటే పాలీయురేథేన్ పూత ఉన్నది. చేత్తో తాకితే తోలులాగే మెత్తగా ఉంటుంది, ధరా ఎక్కువే. కానీ మామూలు రకం పీయూని గాలిలోని తేమే నెమ్మదిగా విరగ్గొడుతుంది. ముందు జిగురుగా అవుతుంది, తర్వాత పొరలు పొరలుగా ఊడి బట్టలకు అంటుకుంటుంది. అటక మీద డబ్బాలో భద్రంగా దాచిన బూట్లు నాలుగేళ్ల తర్వాత తీస్తే అడుగులు పొడిపొడిగా రాలిపోవడం చూసే ఉంటారు. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. వాడినా వాడకపోయినా ఆగదు. ఊడిన పూతను మళ్లీ అతికించే మందు లేదు. రంగు కొట్టి ఇస్తామనేవాళ్లకు డబ్బులివ్వకండి. గుడ్డ మార్చడం ఒక్కటే దారి.

'బాండెడ్ లెదర్' అన్న పేరు విని మోసపోకండి. తోలు తుక్కును జిగురుతో కలిపి పరిచి, పైన ఇదే పీయూ పూస్తారు. అసలు తోలు ఇలా ఊడదు, నిజమే. కానీ దానికి బూజు పడుతుంది, వారం వారం చూసుకునే ఓపిక ఉండాలి. బూజు కనిపిస్తే సోఫాను బాల్కనీలోకి లాగి పొడి గుడ్డతో దులపండి, హాల్లో దులిపితే ఇల్లంతా పాకుతుంది. తర్వాత కాస్త సబ్బు నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వాలి. కొబ్బరి నూనె రాస్తే మెరుస్తుందని ఒక పెద్దావిడ నెలకోసారి రాయించేవారు. మెరిసింది. నూనె ఇంకిన చోటల్లా దుమ్ము పట్టి, బూజుకు మేత దొరికినట్టయింది.

అపోహ: గుడ్డ అంటే నూలే మంచిది.

ఒంటికి నిజమే, సోఫాకు సగమే నిజం. మామూలు గాలిలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పడుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అలాగని పూర్తి పాలిస్టర్ వెల్వెట్ మీద మే నెలలో పగలంతా కూర్చోలేం. నేను నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డ, కాస్త వదులు నేత ఉన్నది, జిప్పు పెట్టి విప్పి ఉతికేలా కుట్టించుకోమంటాను. నూలు ఎక్కువున్న గుడ్డయితే కుట్టకముందే ఒకసారి తడిపి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కవరు కుషన్‌కి ఎక్కదు.

అపోహ: గట్టిగా ఉంటే మంచి ఫోమ్.

గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అది తూకం వేసి చూసుకోవచ్చు. 24 అంగుళాల చదరం, 5 అంగుళాల మందం ఉన్న కుషన్ లోపలి ఫోమ్ 40 డెన్సిటీ అయితే సుమారు 1.9 కిలోలు, 32 అయితే కిలోన్నర తూగాలి. 40 అని చెప్పింది కిలో కూడా లేకపోతే కొట్టువాడితో మాట్లాడాల్సిందే. సుద్దపొడి కలిపి బరువు పెంచే ఫోమ్ కూడా ఉంది. గోటితో గిల్లితే ముక్క చేతికొచ్చేస్తుంటే అనుమానించండి. సీటుకు 40, వీపుకు 32 అయితే మామూలు ఇంటికి సరిపోతుంది.

అపోహ: 'వాటర్‌ప్రూఫ్ ప్లై' వేశామన్నారు కదా!

ప్లై మీద అచ్చు చదవండి. ఎంఆర్ అని ఉంటే తేమను కొంత తట్టుకుంటుందని మాత్రమే, నీటిని కాదు. బీడబ్ల్యూపీ (మరిగే నీటిని తట్టుకునేది), ఐఎస్ 710 అని ఉన్నది మెరైన్ ప్లై. దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు సంగతి హుద్‌హుద్ తుఫాను చెప్పింది. 2014 అక్టోబరు 12న కిటికీల అద్దాలు పగిలి ఇళ్లలోకి వాన కొట్టింది. తర్వాత నెలల తరబడి నా షెడ్డు నిండా తడిసిన సోఫాలే. పార్టికల్ బోర్డువి అటుకుల్లా ఉబ్బి చేతికి విడిపోయాయి, ఒక్కటీ బాగుచేయలేకపోయాను. కర్ర ఫ్రేములు చాలావరకు ఆరబెట్టి, పిన్నులు మార్చితే మళ్లీ నిలిచాయి. పిన్నులంటే గుర్తొచ్చింది. బీచ్ దగ్గరి ఇళ్లకు మామూలు ఇనుప పిన్నులు వద్దు, ఉప్పు గాలికి రెండు మూడేళ్లలో తల ఊడిపోతాయి. స్టెయిన్‌లెస్ పిన్నులకు అయ్యే ఖర్చు మొత్తం సోఫా ధరలో లెక్కలోకి రాదు.

అపోహ: ఏసీ ఉంది కాబట్టి మాకు బూజు రాదు.

ఏసీ నడిచినంతసేపే తేమ లాగుతుంది. రాత్రి బెడ్‌రూంలో నడిచే ఏసీ హాల్లోని సోఫాకు ఏం చేస్తుంది? అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లి ఆరు నెలలకు వచ్చినవాళ్ల ఫోన్లు నాకు ఏటా వస్తాయి. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. వెళ్లేముందు సోఫాను గది మధ్యకు లాగి, కుషన్లు నిలబెట్టి, పొడి రోజు చూసి వారానికోసారి కిటికీలు తెరవమని పక్కింటివాళ్లకు తాళం ఇవ్వండి. నాఫ్తలిన్ ఉండలు పురుగుకే గానీ చెమ్మకు కాదు. సోఫా కింద వేసే చిన్న సిలికా పొట్లం మందుసీసాకు చాలుతుంది, సోఫాకు కాదు.

మీ ఇంట్లో ఏ సోఫా ఉందని అడుగుతుంటారు. కర్ర పట్టీల మీద విడి కుషన్లు వేసేది, వెనక పేము అల్లిక. కుషన్లు పొద్దున్నే మా ఆవిడ ఎత్తి గోడకు ఆనిస్తుంది, కాఫీల వేళకు మళ్లీ వేస్తుంది. అల్లిక రెండుసార్లు మార్పించాను, ఫ్రేము జోలికి ఇంకా పోలేదు.