కామందు భూమి ఎక్కడో, కౌంటీ అక్కడే: క్రోమార్టీషైర్ కథ

స్కాట్లండ్ పాత కౌంటీల పటంలో ఉత్తరాన రాస్‌షైర్ మీద ఒక వింత కనిపిస్తుంది. ఒక రంగు పరిచి, దాని మీద మరో రంగు చిలకరించినట్టు ఉంటుంది. ఆ చిలకరించిన రంగే క్రోమార్టీషైర్. తూర్పున బ్లాక్ ఐల్ కొసన, క్రోమార్టీ ఊరి చుట్టూ ఒక ముక్క. (పేరులో ఐల్ ఉన్నా అది దీవి కాదు, ద్వీపకల్పం.) నడుమ స్ట్రాత్‌పెఫర్ లోయలో ఇంకొకటి. అన్నిటికన్నా పెద్దదైన కోయిగాక్ మాత్రం పడమటి తీరాన ఉంది. ఉల్లాపూల్ రేవు, సమ్మర్ ఐల్స్ దీవులు అందులోవే. కౌంటీకి పేరిచ్చిన ఊరి నుంచి ఉల్లాపూల్‌కు రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ఎక్కువ భాగం పక్క కౌంటీదే.

ఇక్కడ కొండలూ వాగులూ సరిహద్దు గీయలేదు. తూర్పు ముక్కలో పాత ఎర్ర ఇసుకరాయి, దాని మీద పంటలు పండే నేల. భూగర్భ శాస్త్రజ్ఞుడు హ్యూ మిల్లర్ 1802లో పుట్టింది క్రోమార్టీలోనే. ఆ రాతిపొరల్లోని చేపల శిలాజాలను లోకానికి పరిచయం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. పడమటి ముక్కలోని టొరిడన్ ఇసుకరాయి దాదాపు 100 కోట్ల ఏళ్ల నాటిది. అక్కడి కొండల్లో బెన్ మోర్ కోయిగాక్ ఎత్తు 743 మీటర్లు, స్టాక్ పాలీ 612 మీటర్లు. బోడి కొండలు, పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి) నేలలు, చేపలవేట. ఈ రెండు చోట్లనూ కలిపింది ఒక కుటుంబం ఆస్తి మాత్రమే.

ఆ రోజుల్లో కౌంటీ అంటే ముందుగా షెరీఫ్ అధికారం చెల్లే పరిధి. కోర్టు ఆయనది, రాజు పేరిట వసూళ్లూ ఆయనవే. క్రోమార్టీలో ఆ పదవి ఉర్‌కార్ట్ వంశానికి వారసత్వంగా వచ్చేది. వాళ్ల ఎస్టేటు అప్పుల్లో కూరుకుపోయాక, దాన్నీ షెరీఫ్ పదవినీ టార్బట్‌కు చెందిన సర్ జార్జ్ మెకంజీ చేజిక్కించుకున్నాడు. రాస్‌షైర్‌లో ఎక్కడెక్కడో ఉన్న తన భూములన్నీ తన షెరీఫ్ పరిధిలోకే వచ్చేలా 1685లో స్కాట్లండ్ పార్లమెంటులో చట్టం చేయించడం మొదలుపెట్టాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా పని పూర్తయింది. భూస్వామీ న్యాయాధికారీ ఒక్కడే అయ్యాడు. 1703లో ఆయన మొదటి ఎర్ల్ ఆఫ్ క్రోమార్టీ (ఎర్ల్ అంటే వంశపారంపర్య ప్రభు బిరుదు) కూడా అయ్యాడు.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న అధికారం ఎక్కువ కాలం నిలవలేదు. గద్దె దిగిన స్టువర్ట్ రాజవంశాన్ని తిరిగి తేవాలన్న 1745 జాకొబైట్ తిరుగుబాటులో చేరిన మూడో ఎర్ల్‌కు మరణశిక్ష పడింది. ప్రాణం దక్కింది కానీ ఎస్టేటు జప్తయింది. 1746 చట్టం వంశపారంపర్య న్యాయాధికారాలనే రద్దు చేసింది. ముక్కలను కలిపి ఉంచిన కారణం పోయినా సరిహద్దులు మాత్రం మరో 140 ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి. బ్రిటిష్ ఫిషరీస్ సొసైటీ 1788లో హెర్రింగ్ చేపల కోసం ఉల్లాపూల్‌ను కట్టించినప్పుడు, ఆ కొత్త ఊరు కూడా క్రోమార్టీషైర్‌లోనే పుట్టింది.

కౌంటీ ఎంత చిన్నదంటే, స్కాట్లండ్ ఇంగ్లండ్‌తో కలిసి ఒకే పార్లమెంటు ఏర్పడిన 1707 తర్వాత దానికి ప్రతి పార్లమెంటులోనూ ఎంపీ కూడా లేడు. ఒక పార్లమెంటుకు క్రోమార్టీ, తర్వాతి దానికి నేర్న్‌షైర్ అనే మరో చిన్న కౌంటీ వంతులవారీగా ఎన్నుకునేవి. 1832లో రాస్‌షైర్‌తో కలిపి ఒకే నియోజకవర్గం చేశారు. పూర్తి విలీనం 1889 స్థానిక పాలన చట్టంతో జరిగింది. డింగ్‌వాల్ కేంద్రంగా ఏర్పడిన రాస్ అండ్ క్రోమార్టీ 3,089 చదరపు మైళ్లతో స్కాట్లండ్‌లో మూడో పెద్ద కౌంటీ.

పాత రికార్డులు వెతికేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. కౌంటీ పేరుతో మొదలుపెట్టకండి, ముందు పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పట్టుకోండి. లాక్‌బ్రూమ్ లాంటి పారిష్ రెండు కౌంటీల్లోనూ ఉండేది. 1855లో ప్రభుత్వ జనన మరణ నమోదు మొదలయ్యేదాకా చర్చి రిజిస్టర్లే ఆధారం, వాటిని రాసుకున్నది పారిష్ వారీగా. రెండో చిక్కు 1975ది. హైలాండ్ రీజియన్‌లో రాస్ అండ్ క్రోమార్టీ పేరుతో ఒక జిల్లా వచ్చింది కానీ అది పాత కౌంటీ కాదు. పడమటి సముద్రంలోని లూయిస్ దీవి వెస్టర్న్ ఐల్స్ అనే విడి పాలనా ప్రాంతానికి, కిన్‌కార్డిన్ పారిష్ సదర్లాండ్ జిల్లాకు, లాక్‌ఆల్ష్ వైపు నైరుతి భాగం స్కై అండ్ లాక్‌ఆల్ష్ జిల్లాకు పోయాయి. 1996లో ఆ జిల్లాలూ రద్దయ్యాయి. కాబట్టి ఏ కాగితంలో ఈ పేరు కనబడినా తేదీ చూడందే ప్రాంతం తేల్చుకోకూడదు.

లూయిస్ సంగతి మనకు దగ్గరిది. మన గ్రామాల కైఫియత్తులను సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో పుట్టింది ఆ దీవిలోని స్టోర్నవేలోనే. లూయిస్, హారిస్ పేరుకు రెండైనా ఒకే నేల. లూయిస్ మెకంజీల చేతికి, హారిస్ మెక్లియోడ్‌ల చేతికి వెళ్లడంతో మొదటిది రాస్‌షైర్‌లో, రెండోది ఇన్వర్నెస్‌షైర్‌లో పడ్డాయి. 1975 దాకా అదే విభజన. కల్నల్ మెకంజీ పుట్టిన ఊరి పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటం కావాలంటే రాస్‌షైర్ పటాల్లో లూయిస్ దీవికి విడిగా ఉన్న శ్రేణి చూడాలి. దానికి ఆనుకొని ఉన్న హారిస్ పటాలు ఇన్వర్నెస్‌షైర్ శ్రేణిలో దొరుకుతాయి.