పాత కారులో మొండికేసిన సన్ వైజరు

ఒడిశాలోని కోరాపుట్ నుంచి సాలూరుకు దిగే 26వ నంబరు జాతీయ రహదారి మొత్తం మీద ఆగ్నేయ దిశగా సాగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో ఈ ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. అందుచేత సిమిలిగుడలోనో పొట్టంగిలోనో తెల్లవారగానే బయలుదేరి సుంకి ఘాట్ దిగేవారికి, మలుపు తిరిగి కొండ నీడలోంచి బయటపడిన ప్రతిసారీ ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. ఆ ఋతువులో ఇక్కడి సూర్యుడు గంటకు 13 డిగ్రీల చొప్పున మాత్రమే పైకెక్కుతాడు కనుక, ఉదయించిన తరువాత గంటసేపు డ్రైవరు చూపుకు దాదాపు ఎదురుగానే ఉంటాడు. ఆ గంటలో కారు మొత్తం మీద అత్యంత ముఖ్యమైన వస్తువుల్లో సన్ వైజరు, అంటే ముందు అద్దం పైభాగం నుంచి కళ్ళ ముందుకు దించుకునే పలక, ఒకటి.

ఎండ కళ్ళలో పడినప్పుడు రోడ్డు కనిపించకపోవడానికి కారణం కంటి లోపలే ఉంది. బలమైన కాంతి కంటి ముందుభాగాన ఉండే పారదర్శక పొరలోనూ, దాని వెనుకనున్న కటకంలోనూ చెదిరి, రెటీనా మీద ఒక పలుచని తెల్లటి తెరలా పరుచుకుంటుంది. ఎదురుగా వస్తున్న లారీ ప్రతిబింబం ఆ తెర కింద వెలిసిపోతుంది. మనం చూసే వస్తువుకు సూర్యుడు ఎంత దగ్గరగా ఉంటే తెర అంత దట్టంగా ఉంటుంది, వయసు పెరిగి కటకం మసకబారిన కొద్దీ ఇంకా దట్టమవుతుంది. సూర్యబింబాన్ని ఒక అట్టముక్కతో కప్పినా ఆ తెర తక్షణమే తొలగిపోతుంది. వైజరు చేసే పని అదే.

జయపురంలో ఉండే మా చిన్నాన్నగారి కారుకు ముప్పై ఏళ్ళు దాటాయి. కిందటి శీతకాలం ఆయనతో సాలూరు వెళుతున్నప్పుడు, గతుకు వచ్చినప్పుడల్లా వైజరు జారి ఆయన కళ్ళకు అడ్డంగా పడేది. ఘాట్ మలుపుల్లో ఆయన ఒక చేత్తో స్టీరింగు, మరో చేత్తో వైజరు పట్టుకుని నడపడం చూసి నాకు భయం వేసింది. ఇంటికి రాగానే దాన్ని విప్పి బాగుచేయాలని కూర్చున్నాను. రెండు స్క్రూలు, ఒక ప్లాస్టిక్ కొక్కెం. పది నిమిషాల పని అనుకున్నాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది.

వైజరు నిర్మాణం చూడడానికి చాలా సులువైనది. ఆంగ్ల అక్షరం ఎల్ ఆకారంలో వంచిన ఉక్కు ఊచ ఒకటి ఉంటుంది. దాని పొట్టి కొస పైకప్పుకు స్క్రూలతో బిగించిన బ్రాకెట్‌లో తిరుగుతుంది, పొడవు కొస రెక్సిన్ తొడిగిన పలకలోకి దూరి ఉంటుంది. పలక లోపల ఒక స్ప్రింగు రేకు ఆ ఊచను వేళ్ళతో నొక్కినట్లు పట్టుకుంటుంది. పలక నిలిచేది కేవలం ఆ పట్టు వల్ల కలిగే రాపిడితోనే. పలక బరువు 300 గ్రాములనీ, దాని గరిమనాభి ఊచకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుంటే, దాన్ని కిందికి తిప్పే టార్క్ దాదాపు 0.24 న్యూటన్-మీటర్లు అవుతుంది. గతుకులో కారు ఎగిరిపడినప్పుడు ఇది క్షణకాలం మూడింతలు కావచ్చు. కాబట్టి రాపిడి ఒక న్యూటన్-మీటరు వరకైనా తట్టుకోవాలి. అదే సమయంలో పలక అంచును పట్టుకుని తిప్పే చేతికి అది 600 గ్రాముల బరువు మోసినంత శ్రమకు మించకూడదు. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న సన్నని ఖాళీలో ఒక చిన్న స్ప్రింగు రేకు ముప్పై ఏళ్ళు పనిచేసిందంటే దాన్ని రూపొందించినవారి మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

మొదటి అడ్డంకి స్క్రూలు. కోరాపుట్ జిల్లాలో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా స్క్రూలను పాడుచేసేది ఆ వాన కాదు, లోపలి చెమ్మ. చలికాలం రాత్రి ఆరుబయట నిలిపిన కారు పైరేకు నిర్మలమైన ఆకాశంలోకి వేడిని వెదజల్లి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ ఆ రేకు అడుగున మంచులా పట్టి, రూఫ్ లైనింగ్‌లో ఇంకి, స్క్రూ మరల్లోకి చేరుతుంది. అక్కడ పుట్టే తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత చోటు లేదు గనుక, తుప్పు రెండు వైపులా ఒత్తుకుని స్క్రూను బిగబడుతుంది.

ఇక్కడ బలం ఉపయోగిస్తే స్క్రూ తల అరిగిపోతుంది. హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికన్ 1936లో పేటెంట్లు పొంది వాడుకలోకి తెచ్చిన ఈ ప్లస్ గుర్తు తలలో గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి, కనుక తిప్పే బలంలో కొంత భాగం స్క్రూ డ్రైవరును బయటికి నెట్టేస్తుంది. దాన్ని ఎదిరించాలంటే తిప్పే దాని కన్నా గట్టిగా లోపలికి నొక్కాలి. పైకప్పు పనిలో చేతులు పైకెత్తి నొక్కాల్సి వస్తుంది, అదే కష్టం. నేను సీటును పూర్తిగా వెనక్కి వాల్చి, వెల్లకిలా పడుకుని, స్క్రూ డ్రైవరు పిడిని అరచేతి మధ్యలో ఉంచి నొక్కాను; మోచేయి నిటారుగా ఉంటే ఒంటి బలమంతా అందులోకి వస్తుంది. ఇంకొక విషయం కూడా గమనించాలి: జపాన్ నమూనా మీద తయారైన పాత కార్లలో ఆ దేశపు ప్రమాణానికి చెందిన తలలుంటాయి, పైకి ఒకేలా కనిపించినా మామూలు స్టార్ స్క్రూ డ్రైవరు వాటి అడుగు దాకా దిగదు. కొన కొద్దిగా ఊగుతున్నట్లు అనిపిస్తే ఆగి మరొకటి తెచ్చుకోవడమే మంచిది.

తుప్పును వదిలించడానికి పలుచని నూనె కావాలి. స్క్రూ తల కిందికి ఉంటే నూనె పైకి ఎలా ఎక్కుతుందని సందేహం రావచ్చు. సన్నని సందులో ద్రవం ఎంత ఎత్తుకు ఎక్కుతుందనేది సందు వెడల్పుకు విలోమంగా ఉంటుందని 1718లో జేమ్స్ జూరిన్ చూపాడు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు సందులో కిరోసిన్ వంటి ద్రవం లెక్క ప్రకారం 13 సెంటీమీటర్ల దాకా ఎక్కగలదు. మన స్క్రూ పొడవు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. దీపపు వత్తిలో నూనె ఎక్కేది కూడా ఈ కారణంగానే. కావలసింది సమయం. దూది చుట్టిన పుల్లతో స్క్రూ తల చుట్టూ రెండు చుక్కలు అద్ది రాత్రంతా వదిలేయాలి, అంతకు మించి పోస్తే లైనింగ్ మీద మరక మిగులుతుంది. నూనె ప్లాస్టిక్ భాగాలకు తగలనీయకూడదు, ఎందుకంటే బిగువులో ఉన్న కొన్ని రకాల ప్లాస్టిక్ నూనె తగలగానే పగుళ్ళు తీస్తుంది.

మర్నాడు కూడా ఒక స్క్రూ కదలలేదు. నూనెను శుభ్రంగా తుడిచేసి, సోల్డరింగ్ ఐరన్ కొనను దాని తల మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచాను. అయిదు మిల్లీమీటర్ల ఉక్కు స్క్రూ వంద డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో వెయ్యింట ఆరు వంతులు మాత్రమే లావవుతుంది. అది చాలా తక్కువగా తోస్తుంది కానీ, తుప్పు పెళుసైన పదార్థం, సాగదు. అంత చిన్న కదలికకే లోపల చిట్లిపోతుంది. స్క్రూ చల్లారాక ముందు బిగించే వైపు కాస్త, తరువాత విప్పే వైపు తిప్పితే సన్నగా కిర్రుమని చప్పుడు చేసి వచ్చింది.

పలక రెండో కొసను పైకప్పు మధ్యలో పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విషయంలో ప్రమాదం మరో రకంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండకు కారు లోపల కాగి కాగి ప్లాస్టిక్ పెళుసవుతుంది, చలిలో మరింత పెళుసుగా ఉంటుంది. కోరాపుట్ కొండల్లో పుష్యమాసపు ఉదయం ఈ పని మొదలుపెడితే కొక్కెం విరగడం దాదాపు ఖాయం. మధ్యాహ్నం దాకా కారును ఎండలో ఉంచి, వెచ్చగా ఉన్నప్పుడు వంచితే అదే కొక్కెం సాగి లొంగుతుంది.

పలకను ఊచ నుంచి ఊడదీయడంలో నాకు చాలా నచ్చిన భౌతికశాస్త్రం ఉంది. తిన్నగా లాగితే అది అంగుళం కూడా రాలేదు, తిప్పుతూ లాగితే వచ్చేసింది. రాపిడి ఎప్పుడూ జారే దిశకు సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. పలకను గుండ్రంగా వేగంగా తిప్పుతున్నప్పుడు జారుడు ఎక్కువ భాగం చుట్టూ జరుగుతుంది కాబట్టి, రాపిడి కూడా ఎక్కువ భాగం ఆ తిప్పుడుకే ఎదురు నిలుస్తుంది. పొడవునా లాగే దిశలో మిగిలే అడ్డు చాలా కొంచెం. చుట్టూ జారే వేగం బయటికి వచ్చే వేగానికి పదింతలుంటే, లాగడానికి కావలసిన బలం పదో వంతుకు దగ్గరవుతుంది. పశువును కట్టే గుంజను నేలలోంచి తిప్పి తిప్పి పీకే రైతుకు ఈ సంగతి చేతికి తెలుసు.

బయటికి వచ్చిన ఊచ మీద ఎర్రని తుప్పు చారలు, వాటి మధ్య అరిగి నున్నగా మెరిసే పట్టీ ఒకటి కనిపించాయి. స్ప్రింగు రేకు ముప్పై ఏళ్ళుగా అదే చోట రుద్దుతూ ఊచను సన్నబరిచింది, తాను కూడా సాగి వదులైంది. తుప్పు శుభ్రం చేశాక నేను నూనె డబ్బా అందుకోబోతుంటే, మా వీధి షెడ్డులో పనిచేసే పెద్ద మేస్త్రీ, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆయన, చేయి అడ్డం పెట్టారు. “దానికి నూనెయ్యొద్దు బాబూ, ఏస్తే ఇంక నిలబడదు” అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. పొడి ఉక్కు మీద పొడి ఉక్కుకు రాపిడి గుణకం సుమారు 0.6 ఉంటుంది, మధ్యలో నూనె పొర చేరితే అది 0.15 ప్రాంతానికి పడిపోతుంది. స్క్రూ మరలో మనం పోగొట్టాలని తంటాలు పడ్డ రాపిడే ఊచ దగ్గర వైజరుకు ప్రాణం. బిగుసుకున్న వైజరు తిరగడం లేదని ఊచ మీద నూనె చల్లేవారు చాలామంది ఉన్నారు. అది వారం రోజులు హాయిగా తిరిగి, ఆ తరువాత ఎప్పటికీ వేలాడుతూనే ఉంటుంది.

అందుచేత నున్నని గరుకు కాగితంతో ఊచను పొడిగానే రుద్ది, ఎలక్ట్రికల్ దుకాణంలో వైర్లకు తొడగడానికి అమ్మే హీట్ ష్రింక్ స్లీవ్ ముక్కను అరిగిన పట్టీ మీద తొడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేశాను. అది ముడుచుకుని ఊచను అంటిపెట్టుకుంది. దానితో ఊచ కొద్దిగా లావై, స్ప్రింగు రేకుకు మళ్ళీ పట్టు దొరికింది. పలకను ఎక్కించేటప్పుడు కూడా తిప్పుతూనే నెట్టాను.

తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూ పోయిందని చేతికి దొరికిన పొడవాటి స్క్రూ వేయకూడదు. బ్రాకెట్ వెనుక నట్టుకూ, పైరేకుకూ మధ్య దూరం తక్కువ, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువైనా స్క్రూ కొన బయటి రేకును పొడిచి మొటిమలా లేపుతుంది. ముందు వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కనివ్వాలి. వేళ్ళకు ఎక్కకపోతే మర అడ్డంగా పడిందన్న మాట. బ్రాకెట్ ప్లాస్టిక్‌దైతే చివరి బిగింపు మితంగా ఉండాలి, ఎందుకంటే నిరంతర ఒత్తిడి కింద ప్లాస్టిక్ నెమ్మదిగా సాగిపోయి, అతిగా బిగించిన స్క్రూయే ముందుగా వదులవుతుంది. మరలకు మాత్రం కాస్త గ్రీజు రాశాను.

ఎడమ వైపు వైజరును ఇంకా విప్పలేదు. అటు కూర్చునే మా పిన్నిగారు దాన్ని ఎప్పుడూ దించరు, కదలిక లేక దాని ఊచ తుప్పుతో గట్టిపడిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు వచ్చేదాకా దాని జోలికి వెళ్ళదలచుకోలేదు.